గోరు చెప్పిన రోజులు

మా వదిన ఎడమచేతి బొటనవేలు పెట్టెలో పెట్టి నాలుగు నిమిషాలైంది. తెర మీద గీతలు ఒక్కొక్కటే లేస్తుంటే కుర్చీలో కూర్చోలేక లేచి నిలబడ్డాను. ఆరు గీతలు, ఒక ఖాళీ. మళ్లీ ఆరు గీతలు, ఒక ఖాళీ. ఏడో పన్ను విరిగిన దువ్వెనతో ఎవరో వరసగా గీసినట్టుంది.

"ఏటే అలా గెంతుతన్నావు? ఏలు కాలిపోద్దేటి?" అంది వదిన.

"కాలదు వదినా. కదలకు, నీకు పుణ్యముంటుంది. ఇంకొక్క నిమిషం."

"ఇంకొక్క నిమిషమని పావుగంట నుండి సెప్తన్నావు."

పావుగంట కాదు, నాలుగు నిమిషాలే. కానీ మా వదిన ఊర్వశితో లెక్కల దగ్గర వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. మా అన్న ఆ ప్రయత్నం ఎప్పుడో మానేశాడు.

ఆ పెట్టె నా మూడేళ్ల కష్టం. శ్రీకాకుళంలో మా కాలేజీ ల్యాబులో, ఉపేంద్ర సర్ కింద పనిచేస్తూ కట్టాను. గోరు రోజుకి వెంట్రుక మందమంత పెరుగుతుంది. ఆ రోజు ఒంట్లో నీరు ఎంతుందో, ఉప్పు ఎంతుందో ఆ కొత్త పొరలో అచ్చుపడి అలాగే ఉండిపోతుంది. బొటనవేలి గోట్లో మొదలు నుంచి చివరి దాకా దాదాపు ఐదు నెలల రోజులు వరసగా పేర్చి ఉంటాయి. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ, ఒంట్లో నీరు ఎప్పుడెప్పుడు తగ్గిందో ముందే తెలిస్తే చాలామంది బతుకుతారని మొదలుపెట్టిన పని ఇది. పెట్టె గోటిలోంచి వెలుతురు పంపించి ఆ పొరలు చదువుతుంది. గోరు పీకక్కర్లేదు, కత్తిరించక్కర్లేదు. మా వదిన దానికి గోటిపెట్టె అని పేరు పెట్టింది. నేను ఇంగ్లీషులో పెట్టిన మూడు మాటల పేరు ఆ రోజుతో పోయింది.

కానీ వదిన జబ్బు చూపించుకోవడానికి రాలేదు. ఆమె ఉద్యోగం పోయింది.

పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో పిక్కలు పగలగొట్టి పప్పు తీసే షెడ్డులో ఆమె పని. ఐదో నెల నిండబోతోంది, కడుపు కనబడుతోంది. మేనేజర్ భుజంగరావు పిలిచి, కాన్పయ్యాక కనిపించు, అప్పుడు చూద్దాం అన్నాడట. వదిన ఊరుకునే మనిషి కాదు. కాన్పు సెలవు ఇవ్వాలని చట్టముంది, జీతంతో ఇవ్వాలి, కడుపుతో ఉందని తీసెయ్యకూడదు అని అడిగింది. ఆయన నవ్వి, చట్టమే ఏడాదిలో ఎనభై రోజులు పనిచెయ్యాలంటోంది, హాజరు మిషన్లో నీవి యాభై రెండే ఉన్నాయి, కావాలంటే చూసుకో అన్నాడు.

నిజంగానే యాభై రెండే ఉన్నాయి. ఎందుకంటే జీడిపిక్క పైతొక్కలో ఉండే నూనె చర్మాన్ని తినేస్తుంది. ఏడాది పని చేస్తే వేలి మీద గీతలుండవు. గేటు దగ్గరి వేలిముద్రల మిషను మీద వదిన రోజూ తన నంబరు నొక్కి, మూడేసి సార్లు వేలు పెట్టేది. ఏ వారానికో ఒకరోజు తప్ప అది ఎర్రగా వెలిగి కుయ్యిమనేది. ఆవిడ లోపలికెళ్లి పని చేసుకునేది. సాయంత్రం పప్పు తూచి, చీటీ రాసి, ఆ చీటీకి కూలి చేతిలో పెట్టేవారు. కూలి వచ్చింది కదా, మిషను గోల మనకెందుకని షెడ్డులో నలభైమంది ఆడవాళ్లలో ఒక్కరూ పట్టించుకోలేదు. చీటీలు పొయ్యిలో పడేశారు. బస్తాలు మోసే మగవాళ్లు ఈ నూనె ముట్టరు, వాళ్ల వేళ్లకేమీ కాలేదు.

తెర మీద చివరి గీత లేచింది. లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. నూట తొమ్మిది.

"వదినా! నూట తొమ్మిది రోజులు. ఐదు నెలల్లోనే. ఆదివారాలు ఖాళీ. నిన్ను తీసేసిన ఈ పదిహేను రోజులూ ఖాళీ. పోలమాంబ జాతర్లో డప్పు కొట్టినట్టు కొడుతోంది నా గుండె."

"మరి ఆ గీతలేటి? జీడి నూనేనా?"

అప్పుడు సరిగ్గా చూశాను. అవి నూనె గీతలు కావు. నీటి గీతలు. ఒంట్లో నీరు ఇంకిపోయినప్పుడు పడే గీతలు అవి. ఎండల్లో రోడ్డు పని చేసే మగాళ్ల గోళ్లలో కూడా అంత నల్లగా పడటం నేను చూడలేదు. ఇక్కడ వారానికి ఆరు.

"పని రోజుల్లో నీళ్లు తాగవా నువ్వు?"

వదిన వేలు తీసుకుని చీర చెంగుతో తుడుచుకుంది. "ఎలా తాగుతామే? మరుగుదొడ్డి తాళంసెవి మేనేజర్ బల్ల మీదుంటాది. నలుగురు మగోళ్ల ముందు అడిగి తెచ్చుకోవాల. పొద్దున్న టీ తాగి ఎల్తాం, మళ్లీ ఇంటికొచ్చే తాగుతాం. నానొక్కర్తినే కాదు, షెడ్డంతా అంతే."

"కడుపుతో ఉండి కూడానా?"

"కడుపుతో ఉన్నోళ్లకి వేరే తాళముంటాదేటి?"

నాకు కోపంతో చెవులు వేడెక్కాయి. అదే సమయంలో సంతోషం, సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఎగిరి గంతేసేంత సంతోషం. నా పెట్టె పనిచేసింది. వాళ్లు కొట్టేసిన రోజుల్ని ఒంట్లోంచి తీసి తెర మీద పెట్టింది. ఇక భుజంగరావు ఎలా కాదంటాడో చూస్తాననుకున్నాను.

వదిన ఫిర్యాదు మీద కార్తీకం చివరి వారంలో లేబర్ ఆఫీసులో విచారణ. ఆఫీసర్ సత్యవేణి గారు, కళ్లజోడు ముక్కు మీదికి జారేసుకుని చూసే మనిషి. భుజంగరావు ఇస్త్రీ చొక్కాతో, ఫైలుతో వచ్చాడు. షెడ్డు నుంచి పన్నెండు మంది ఆడవాళ్లు పని మానుకుని వచ్చి గోడ వారగా కూర్చున్నారు. వాళ్లకి పెద్ద తవిటమ్మ, ముప్ఫై ఏళ్లుగా పిక్కలు కొడుతోంది.

గీతల కాగితం నేను బల్ల మీద పరిచాను. అసలు చెప్పడం మొదలుపెడితే నాకు నోరు ఆగదు. పొరలు, నీరు, ఉప్పు, దొడ్డి తాళంచెవి అన్నీ చెప్పేశాను. సత్యవేణి గారు ఓపిగ్గా విన్నారు.

భుజంగరావు గొంతు సవరించుకున్నాడు. "బాగానే ఉంది మేడమ్. గోళ్లు ఒకరికి తొందరగా పెరుగుతాయి, ఒకరికి నిదానంగా పెరుగుతాయి. ఈ గీతలు ఏ నెలవో ఎవరు చెప్పగలరు? మా దగ్గర చేసినవో, మరో చోట చేసినవో?"

నేను సగటు పెరుగుదల అంటూ ఏదో అన్నాను. సగటు అంటే మీ వదిన కాదుగా అన్నాడు. మూడేళ్లు పెట్టె కట్టానే కానీ, తేదీ ఎలా నిరూపించాలో ఆలోచించలేదు.

వదిన లేచి వచ్చి బొటనవేలు బల్ల మీద పెట్టింది. గోటి కొసన ఎర్రగా చిన్న నెలవంక.

"ఇది గోరింటాకమ్మా. ఆషాఢం ఆఖరి ఆదివారం షెడ్డు ఆడోళ్లందరం తవిటమ్మ ఇంటికాడ రుబ్బి పెట్టుకున్నాం. ఆరోజు ఈ గోరు మొదలు దాకా ఎర్రగుండేది. పెరిగి పెరిగి ఎరుపు ఇక్కడికొచ్చీసినాది. ఎరుపుకి ఇవతలున్నదంతా ఆషాఢం తరవాత పెరిగిందే కదా. అందులోవి లెక్కెట్టండి."

"మీవి కూడా చూపించండి" అన్నారు సత్యవేణి గారు.

పన్నెండు బొటనవేళ్లు బల్ల మీదికి వచ్చాయి. పన్నెండింటి చివరా అదే ఎర్రటి నెలవంక. ఆఫీసర్ గారు తన బొటనవేలు కూడా చూసుకున్నారు. ఆవిడ గోటికీ ఉంది. కళ్లజోడు పైకి తోసుకుని, కాగితం మీద గోరింటాకు అంచు నుంచి ఇవతలికి పెన్సిలుతో గీతలు లెక్కపెట్టారు. ఎనభై ఆరు.

నాకు ఈల వెయ్యాలనిపించింది. భుజంగరావు కాగితం తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత చాలా మర్యాదగా అడిగాడు.

"అమ్మా, చదువుకున్నవారు. తెలీక అడుగుతున్నాను. ఈ చివర దగ్గర, ఇక్కడ్నుంచి గీతల రంగు మారింది ఎందుకు?"

ఇక్కడే నేను చేసిన తప్పు. గెలిచానన్న ఊపులో ఉన్నాను. ఒక మనిషి నా పెట్టె గురించి ఆసక్తిగా అడుగుతున్నాడు, అదీ ఎదుటి పక్షం మనిషి.

"అది గర్భం నిలిచిన చోటండి. ఒంట్లో నీటి లెక్క అప్పుడే మారిపోతుంది. నాలుగో రోజుకే గోరు చెప్పేస్తుంది. నెల తప్పకముందే, ఆవిడకే తెలియకముందే నా పెట్టెకి తెలుస్తుంది."

భుజంగరావు మొహం వెలిగిపోయింది.

"అద్భుతం మేడమ్. నేను ఈ కాగితాన్ని ఒప్పుకుంటున్నాను. ఈమెకి సెలవు ఇచ్చేస్తాం, రాసుకోండి." ఆఫీసర్ వైపు తిరిగాడు. "ఆడవాళ్ల వేళ్లు మా మిషన్‌కి పడటంలేదని వీళ్ల ఫిర్యాదు. న్యాయమైందే. అందుకని ఈ పెట్టెనే మా గేటు దగ్గర పెడతాం. నెలకోసారి అందరి గోళ్లూ చూస్తాం. ఎవరి రోజులూ పోవు. వీరి కాలేజీకి మా కంపెనీ కొత్త ల్యాబు కట్టిస్తుంది."

కొత్త ల్యాబు అనగానే ఒక్క క్షణం నా మనసు ఎగిరింది. దాచుకోను, ఎగిరింది. అంతలో గోడవైపు చూశాను. తవిటమ్మ బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి పట్టి, చెంగు కింద పెట్టేసుకుంది. ఆ పక్కన కూర్చున్న కొత్త పెళ్లికూతురు జయంతి, మిగతావాళ్లు ఒక్కొక్కరూ అలాగే చేతులు దాచుకున్నారు. అప్పుడు నా తలకెక్కింది నేనేం అమ్మానో.

వదిన నా వైపు చూడలేదు. ఆఫీసర్ ముందు నిలబడింది.

"అమ్మా, ఈ కాగితం నా గోటిదే కదా. ఎనక్కి తీసుకోవొచ్చా?"

సత్యవేణి గారు ఫైలు తిరగేశారు. "ఇంకా ఫైల్లో నంబరు వెయ్యలేదు. తీసుకోవచ్చు. కానీ తీసుకుంటే మీకు మిగిలేది ఆ యాభై రెండే. ఆలోచించుకోండి."

"వదినా, పిచ్చిగానీ ఎక్కిందా?" నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఆయన ఒప్పుకున్నాడు. కేసు అయిపోయింది."

"నాకు అయిపోనాది. జయంతికో?" వదిన నా చెయ్యి విడిపించుకుంది. "నా కడుపు నాకు తెలవకముందే ఆ బాబుకి తెలిసీసుంటే, నాను ఆషాఢంలోనే బయటికెళ్లిపోదును. ఇప్పుడైనా అడగడానికి ఎనభై ఆరు గీతలున్నాయి. అప్పుడు ఏటి సూపించి అడుగుతాను?"

కాగితం మడిచి నడుములో దోపుకుంది. కేసు పోయింది, పోగొట్టింది నా నోరు. భుజంగరావు ఫైలు సర్దుకుంటున్నాడు, కాగితం లేకపోతే ఒప్పుకున్నదీ లేదు అని ఆయన మొహంలోనే ఉంది.

నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. బుర్ర ఒకటే తిరుగుతోంది. గోరు లేదు. చీటీలు లేవు. మిషన్లో రోజులు లేవు. మిషను కాదంది, వేలు పెట్టిన ప్రతిసారీ కాదంది. నా పెట్టె కూడా కొన్నిసార్లు గోరు చదవలేక కాదంటుంది. కాదన్నప్పుడు...

కాదన్నప్పుడు కూడా రాసుకుంటుంది. ఏ మిషనైనా రాసుకుంటుంది. ఎందుకు చదవలేకపోయిందో కట్టినవాడు తర్వాత చూసుకోవాలి కదా.

ఈసారి నోరు తెరిచేముందు మనసులో రెండుసార్లు అనుకుని చూసుకున్నాను. ఈ మాట వల్ల ఎవరి ఒంటి గుట్టైనా బయటపడుతుందా? లేదు. అప్పుడు అడిగాను.

"మేడమ్, వాళ్ల వేలిముద్రల మిషను తిప్పికొట్టిన వేళ్ల చిట్టా ఎక్కడుంది? ముందు నంబరు నొక్కి తర్వాత వేలు పెడతారు. వేలు పడకపోయినా నంబరు పడుతుంది."

భుజంగరావు చెయ్యి ఫైలు మీద ఆగిపోయింది. "అదంతా చెత్త మేడమ్. ఎవరూ చూడరు."

"చెత్తయితే మీకు నష్టమేముంది? చూద్దాం పదండి" అన్నారు సత్యవేణి గారు లేస్తూ. "తనిఖీకి రావడానికి నాకు మీ అనుమతి అక్కర్లేదు."

ఆవిడ జీపు ముందు, వెనక మా అన్న ఆటో, దాని వెనక ఇంకో రెండు ఆటోలు. నేను సీటు అంచున కూర్చుని ముందు కడ్డీ పట్టుకున్నాను. మధ్యలో ఒకసారి వదిన, "అందులో నా రోజులుంటాయంటావా?" అంది.

"ఉండాలి వదినా."

"ఉండాలేటి, ఉంటాయని సెప్పు."

అప్పటికే ఆటో ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగింది.

ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో క్లర్కు కంప్యూటరు తెరిచాడు. ఏదో నొక్కాడు, ఇంకేదో నొక్కాడు, అలాంటిది లేదన్నాడు. నేను పక్కకి జరగమని కూర్చున్నాను. రెండో వరసలోనే ఉంది. నొక్కితే ప్రింటరు కాగితాలు కక్కడం మొదలుపెట్టింది, ఆగలేదు. జయంతి వాటిని కింద పడకుండా ఒళ్లో పట్టుకుంది.

"నీ నంబరెంత?" అని సత్యవేణి గారు అడిగారు.

"ముప్పై ఏడమ్మా."

ఆవిడ వేలుపెట్టి చదివారు. "ముప్పై ఏడు, గుర్తించలేదు, ఏడు యాభై ఒకటి. ముప్పై ఏడు, గుర్తించలేదు, ఏడు యాభై ఒకటి. ముప్పై ఏడు, గుర్తించలేదు, ఏడు యాభై రెండు." కాగితం తిప్పారు. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. ఆదివారం లేదు. సోమవారం మళ్లీ మూడుసార్లు. ఏడాదంతా. మిషను ఒప్పుకున్న యాభై రెండు రోజులు పక్కనపెడితే, కాదన్న రోజులు నూట తొంభై పైన.

వదిన తలుపుకి చేరబడింది. కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

తవిటమ్మ ఆ కాగితాల కట్ట వైపు నోరు తెరుచుకుని చూసింది. "ఇన్నాళ్లూ అది మమ్మల్ని పోపొమ్మంటందనుకున్నామమ్మా. వొచ్చారు, వొచ్చారని రాసుకుంటున్నాదా?"

ఆఫీసర్ గారు మగవాళ్ల నంబర్లు కూడా చూశారు. ఏడాది మొత్తంలో తిప్పికొట్టింది ఒకే ఒక్కణ్ణి, అదీ వేలికి కట్టు కట్టుకున్న వారం రోజులు. పెన్ను మూత తీశారు.

"భుజంగరావు గారూ, మిషను అందరికీ ఒక్కటే అంటారు మీరు. కానీ అది తినేసింది ఆడవాళ్ల రోజుల్నే. మీ పని వల్లే పోయిన వేలిముద్రలు లేవని వాళ్ల హాజరు కొట్టేశారు. ఇది ఈమె ఒక్కర్తి కేసు కాదు, నలభై మందిది." రాస్తూనే చెప్పారు. ఊర్వశిని తీసెయ్యడం చెల్లదు. కాన్పు సెలవు జీతంతో ఇవ్వాలి. నలభై మందికీ పోయిన రోజులు కలపాలి. రేపటి నుంచి ఆడవాళ్ల హాజరు పుస్తకంలో చేత్తో రాయాలి. చివరికి తలెత్తి, "ఆ దొడ్డి తాళంచెవి ఇలా ఇవ్వండి" అన్నారు. తీసుకుని తవిటమ్మ చేతిలో పెట్టారు.

అప్పుడు షెడ్డులో లేచిన కేకలు నేను జన్మలో మర్చిపోను. పని చేస్తున్నవాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారు. ఎవరో నన్ను కావలించుకున్నారు, ఎవరో వదినని ఎత్తబోతే తవిటమ్మ తిట్టింది, కడుపుతో ఉన్నదాన్ని అలా ఎత్తుతారా అని.

సంబరమంతా అయ్యాక వదిన నా దగ్గరికి వచ్చింది. "తప్పు సేసినావు, దిద్దుకున్నావు. మరి ఆ పెట్టె?" అని అడిగింది. అంతే అడిగింది.

మర్నాడు పొద్దున్నే ల్యాబుకి వెళ్లేసరికి కంపెనీ ఉత్తరం ఉపేంద్ర సర్ బల్ల మీద ఉంది. భుజంగరావు ఓడినా ల్యాబు మాట వదల్లేదు. సర్ కళ్లు మెరుస్తున్నాయి. నేను జరిగిందంతా చెప్పి, గర్భం గీత చదివే భాగాన్ని ఆయన ముందే తుడిచేశాను. దాని కాపీలు ఎక్కడెక్కడున్నాయో నాకొక్కదానికే తెలుసు. అన్నీ తుడిచాను.

"సంవత్సరం పట్టింది నీకు అది రాయడానికి" అన్నారు సర్. ఆయన గొంతులో కోపం కంటే దుఃఖమే ఎక్కువ.

"అవునండి."

"అది లేకపోతే కంపెనీ ఈ పెట్టెని కొనదు. ల్యాబు రాదు. మన కిడ్నీ పని ఇంకో మూడేళ్లు వెనక్కి పోతుంది. తెలుసా?"

తెలుసు. ఆ మూడేళ్లలో మా ఊళ్లలో ఎంతమంది జబ్బు పడతారో కూడా తెలుసు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నేను చేసింది మంచిదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను, కానీ ఏడవకుండా చెయ్యగలిగిన పని కాదది. సర్ నెలన్నర నాతో మాట్లాడలేదు. పాత పెట్టెనే ఆస్పత్రి కిడ్నీ వార్డులో పెట్టాం. వేలు పెట్టాలో వద్దో రోగి ఇష్టం, కాగితం కూడా రోగిదే.

విచారణ తర్వాతి సోమవారం, కాన్పు సెలవుకి ఇంకా సమయముందని వదిన పనికి వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. గేటు పక్కన కొత్త బల్ల వేశారు, దాని మీద గళ్ల పుస్తకం. ఆడవాళ్లు వరసలో నిలబడ్డారు. వదిన వంతు వచ్చింది.

"ముప్పై ఏడు" అంటూ క్లర్కు పెన్ను పెట్టాడు.

"నంబరు కాదు బాబూ" అంది వదిన. "పేరు రాయి. ఇంటిపేరుతో రాయి."

క్లర్కు తలెత్తి ఆమెను చూశాడు. వెనక షెడ్డంతా నిలబడి ఉంది. తల వంచుకుని, ఒక్కొక్క అక్షరమే పలుకుతూ రాశాడు. బమ్మిడి ఊర్వశి. హాజరు.